రామేశ్వరానికి మూట

పాంబన్ వంతెన మీదుగా రామేశ్వరానికి రైళ్లు తిరగడం మొదలైన కొత్త రోజులు. వేలూరు దగ్గర గుడియాత్తంలో ఒక నేత ఇల్లు. మధ్యాహ్నం రైలుకు రామేశ్వరం బయలుదేరుతున్న అత్త కన్నియమ్మకు కోడలు పుష్పవతి బట్టలు మూట కడుతోంది.

“పోదుం, చాలు పుష్పా! ఇంగ ఆ కంబళి ఎందుకే?”

“మార్గళి చలికి, అత్తా.”

“ఇది చిత్తిర నెల. ఒళ్లంతా చెమటకాయలు. చలి యాడ ఉండాది?”

“సముద్రమత్తా. దాని గాలిని నమ్మేదానికి లేదు.”

“నువ్వెప్పుడు చూసినావే సముద్రాన్ని?”

“నువ్వు మాత్రం చూసినావా? ఈ పల్చని తెల్లచీరలు ఎండలకు. ఈ మందం నేత చీర వానలకు. ఐప్పసి నెలలో ఆ పక్క కుండపోత అంట.”

“ఐప్పసిదాకా నేను ఆడ ఏం చేస్తానే? మునిగేది, లేచేది, వచ్చేసేది. నాలుగు దినాలు.”

“సరి సరి. గొడుగు కూడా పెట్టేసినా.”

“తెలిసిందిలే. అత్తను సముద్రంలో కలిపేసి, మగ్గం గదిలో కాళ్లు చాపుకోవాలని నీ ఆశ.”

“మగ్గం గదిలో కాళ్లు మగ్గం కింద గుంతలో పెట్టల్ల. చాపేదానికి చోటు యాడ ఉండాది?”

“నోరు చూడు! నా కొడుకు రానీ, చెప్తా.”

“నూలుకని ఆంబూరు పోయినాడు కదా. ఆయన లేని దినం చూసి బయల్దేరింది నువ్వేనే.”

“అది... మంచి దినమని అయ్యవారు చెప్పినాడు.”

“ఎవురితో పోతా ఉండావత్తా?”

“ఎన్నిసార్లు చెప్పేది? భజన గుంపుతో.”

“భజన గుంపు పోయిన నెలే పోయి వచ్చేసిందే. చెల్లమ్మ మనకు విబూది కూడా ఇచ్చింది.”

“అది... అది వేరే గుంపు. ఇది వేలూరు గుంపు.”

“ఆ గుంపులో ఎవురెవురు?”

“నువ్వేమన్నా పోలీసా? ముడి వెయ్యి, ముడి వెయ్యి. ఇట్లా తే, నేనే వేస్తా.”

“లాగొద్దత్తా! అడుగున ఉండేది జారి—”

“ఇదేందే? లుంగీ! మగోడి లుంగీ! నీ మొగుడిది నా మూటలో వేసినావా? కండ్లు యాడ పెట్టుకున్నావే?”

“నీ కొడుకుది కాదు. విప్పి చూడు ఎంత పొడుగో. ఆయన కడితే వీధంతా ఊడుస్తాది.”

“మరి ఎవురిది?”

“ఆరుముగం మేస్త్రిది. నేనే నేసినా.”

“ఏ... ఏ మేస్త్రి?”

“మన వెనక గోడ బాగుండంగానే ఏడాదంతా దానికి సున్నం పూసినాడే, ఆయప్ప. రామేశ్వరంలో సత్రం కట్టే పని దొరికింది, ఇంగ ఆడనే ఉండిపోతానని నీతో అంటా ఉంటే, గోడకు ఈపక్క నేను మగ్గంలో ఉన్నా. మగ్గం ఆపేసి మరీ విన్నా.”

“అంతా విన్నావా?”

“‘నువ్వూ వస్తావా కన్నీ’ అన్నది కూడా. నువ్వు బదులు చెప్పకుండా నాన్చినావు చూడు, నాకే అన్నం దిగలేదు.”

“నా కొడుక్కి తెలిస్తే చంపేస్తాడే. కులమంతా నవ్వుతాది.”

“నవ్వనీ. రైలు వేలూరు దాటినాక ఆయనకు నేనే చెప్తా. అరుస్తాడు. ఆకలేస్తే ఊరకుంటాడు.”

“వాడు పాలు మానకముందే నా బొట్టు తుడిచేసినారు పుష్పా.”

“తెలుసత్తా. అందుకే మూట కడతా ఉండా. ముడి వేసేదా?”

“ఉండు.”

“మళ్లా ఏంది?”

“ఇంగో లుంగీ పెట్టు. వానల్లో ఒకటి ఆరి చావదు.”