శనివారం చీటీ

మూడో అంతస్తులో ఎదురెదురు ఇళ్లు. ఒక గుమ్మంలో టైలరు, ఇంకో గుమ్మంలో ఆమెకన్నా చిన్నదైన టీచరు. కింద మెట్ల దగ్గర గోడకు చీటీల పెట్టె.

"ఈ వారం నా మీద ఏం రాస్తావు?"

"మీరే చెప్పండక్కా."

"తెల్లారకుండానే మిషను చప్పుడు మొదలుపెడుతుందని రాయి."

"అది పోయిన నెల రాశాను."

"అయితే పాలు పొంగబెట్టి మెట్లంతా మాడు కంపు చేసిందని రాయి. నిజం కూడాను. మరి నీ మీద? చెప్పులు నా గుమ్మంలో విడుస్తావని ఇప్పటికి మూడుసార్లయింది. చదివేవాడికి మొహం మొత్తదూ?"

"ఏదో ఒకటి రాయండి."

"ఏదో ఒకటంటే ఎలాగమ్మా? శనివారం చీటీలో ఎదురింటివాళ్ల తప్పు చెప్పకపోతే ఆ తప్పు మనదై కూర్చుంటుంది. నాలుగేళ్ల నుంచి ఒకరి తప్పులు ఒకరం వెతుక్కుంటున్నాం. పెళ్లిసంబంధాలు చూసేవాళ్లు కూడా ఇంత వెతకరు."

"అవునక్కా."

"నవ్వవేం? మీ ఆయన సంగతి ఏమైనా తెలిసిందా?"

"నిన్న చీటీల ఆఫీసుకి పిలిచారు. కూర్చోమన్నారు. మంచినీళ్లిచ్చారు."

"మంచినీళ్లిచ్చారా? అయితే వదిలేస్తారు. క్యూలో నిలబడి నవ్వినందుకు పంతొమ్మిది రోజులు లోపల పెట్టింది చాలదూ?"

"మన చీటీలు చూపించారక్కా. నాలుగేళ్లవీ. మీవొక కట్ట, నావొక కట్ట."

"పాలు పొంగడం కూడా దాచారా?"

"తేదీల వారీగా. రెండు కట్టలూ పక్కపక్కన పెట్టి, మీ ఇద్దరి తప్పులూ ఎప్పుడూ ఇంత చిన్నవేనా అన్నారు."

"నువ్వేమన్నావు?"

"మీ పాలు పొంగుతున్నాయేమో చూసుకోండక్కా."

"మాట తప్పించకు. ఏమన్నావు?"

"నేను నోరు తెరిచేలోగా మా ఆయన చొక్కా తెచ్చి బల్ల మీద పెట్టారు. మీరు జేబు దగ్గర అతుకు వేసిచ్చిందే."

"చొక్కా ఒక్కటేనా?"

"ఒక్కటే. మనిషి కావాలంటే ఈ శనివారం అసలైన చీటీ వెయ్యమన్నారు."

"ఈ శనివారమంటే ఇవాళేగా. సాయంత్రం పెట్టె తెరుస్తారు. ముందే చెప్పొద్దూ? ఏడవకు. ఇలా లోపలికి రా. నా మీద కాస్త పెద్దదే రాద్దాం."

"వద్దక్కా."

"ఊరుకో. యూనిఫారాలు కుట్టగా మిగిలిన గుడ్డ అప్పజెప్పకుండా ఇంట్లో దాచుకుందని రాయి. మహా అయితే మూణ్ణెల్లు మిషను పట్టుకుపోతారు. అన్నాళ్లూ చేత్తో కుట్టుకుంటాను. నా చేతులకేం వచ్చింది?"

"అక్కా."

"మీ ఆయన గడపలో కాలు పెడితే నాకదే చాలు. కాగితం తీసుకో. నేను చెబుతాను, నువ్వు రాయి."

"పొద్దున్నే వేసేశానక్కా."

"వేసేశావా? మంచిపనే చేశావు. గుడ్డ సంగతేనా?"

"కాదు."

"మరేమని రాశావు?"

"నా చీటీలన్నీ మీరే చెప్పి రాయిస్తారని."