కోయని మడతలు

నరసాపురం దగ్గర పల్లెటూళ్ళో ఓ రైతింటి పెరటి వసారా. మధ్యాహ్నం, భోజనాలయ్యాక. చూపు పోయిన అత్తగారు అచ్చాయమ్మ, ఒళ్ళో పుస్తకం పెట్టుకున్న కోడలు లోవలక్ష్మి.

"అక్కడ ఆపేశావేంటే? పడవెక్కిందా లేదా ఆ విమలాంగి?"

"గొంతెండిపోయిందండి. రేపు చదువుతాను."

"నిన్నా ఇదే మాట, మొన్నా ఇదే మాట. వారం రోజులై రేవులోనే నించుంది ఆ పిల్ల. కాళ్ళు పీకవూ దానికి?"

"రాసినవాళ్ళు అలా రాశారండి. నన్నేం చెయ్యమంటారు?"

"రాసినవాడెవడోగానీ గట్టివాడే. మొదట్లో చచ్చు పుస్తకం అనుకున్నాను సుమా. పెళ్ళాం ఎప్పుడు లేవాలి, మొగుడికెలా వడ్డించాలి, అంతా అదే గోల. నీ మొగుడు పెదబాబు రాజమండ్రి నుంచి తెచ్చి, అమ్మా నీకోసమే అంటే వాడి మాట తీసెయ్యలేక విన్నాను."

"పారేద్దామన్నారు కూడానండి."

"అన్నానా? పోయినేడు తెచ్చిందాన్ని పారేశాం కదూ? ఏడు సముద్రాలూ, రాక్షసుడూ."

"పారెయ్యలేదండి. చింతపండు జాడీ మీద మూతగా పెట్టాను."

"దానికదే తగును. ఏడు సముద్రాలు దాటినా ఆ రాజకుమారుడికి ఒక్కపూట ఆకలెయ్యలేదు, నిద్ర రాలేదు. ఎవడిక్కావాలా కథ?"

"నరసాపురంలో నాటకం బాగుంది కదండి."

"దాని ఊసెత్తకు. పనిగట్టుకుని బండి కట్టించుకు వెళ్ళామా, మహారాణిగారు ఏడుస్తుంటే మగాడు దగ్గినట్టుంది. మీకందరికీ చీరా నగలూ కనపడతాయి, నాకు గొంతే కదా. సగంలో లేచొచ్చేశాం."

"మీరు లేచారండి. నేనింకా చూస్తున్నాను."

"అవునా? మరి చెప్పలేదేం?"

"మీ చెయ్యి నా భుజం మీదుందండి. మీరు లేస్తే నేనూ లేవాలి కదా."

"చెప్తే కూచుందును కదే. సరేలే. ఈ కథ మాత్రం వేరు. ఆ పిల్లని పుట్టింటికి పంపనన్న దగ్గర్నుంచి పట్టుకుంది నన్ను. నూతి గిలక కిర్రుమంటే, మా ఊరి పడవ మీద తెరచాప ఎత్తుతున్నారేమో అనుకుని బిందె వదిలేస్తుంది చూడు, అక్కడ కళ్ళనీళ్ళు తిరిగాయి నాకు. తొమ్మిదో ఏట తెచ్చారు నన్నీ ఇంటికి. ఈ పెరట్లో ఎక్కడెక్కడ కూచుని ఏడిచానో ఇప్పటికీ చెప్పగలను."

"మీకు నచ్చిందంటే చాలండి."

"నచ్చింది కాబట్టే అడుగుతున్నాను. తర్వాతేమైంది?"

"అత్తయ్యగారండీ, ఓ మాటడగనా?"

"అడుగు."

"ఆ విమలాంగిని వాళ్ళత్తగారు పంపించేస్తే బాగుంటుందంటారా?"

"అత్తగారేంటే? పోయిన శుక్రవారమే పాము కరిచి పోయిందన్నావుగా ఆవిడ."

"ఆ... పోలేదటండి. మంత్రం వేస్తే బతికిందట."

"ఎక్కడ రాసుంది?"

"ఇక్కడేనండి. ఈ పేజీలోనే."

"ఏదీ, ఇలా తే పుస్తకం."

"మీకెందుకండి, కనపడదు కదా—"

"తే అంటుంటే. ఇదేనా? ఇక్కడేనా నువ్వు చదివేది?"

"అక్కడేనండి."

"లక్ష్మీ, ఈ పుస్తకం తెచ్చిననాడు పెదబాబు ఏం చెప్పాడు? అచ్చాఫీసువాళ్ళు కాగితం మడత మీద మడతపెట్టి కుట్టేస్తారు, కొన్నవాళ్ళే చాకుతో అంచు కోసుకోవాలి, కొయ్యకపోతే లోపలి పేజీ తెరుచుకోదు. చెప్పాడా లేదా?"

"చెప్పారండి."

"మొదటి రెండు మడతలూ నా పక్కనే కూచుని కోశావు. ఇదిగో, అంచంతా గరుగ్గా తగుల్తోంది. ఇక్కణ్ణుంచి చూడు, నున్నగా ఉంది. అట్ట దాకా నున్నగానే ఉంది. నలభయ్యేళ్ళు విస్తళ్ళు కుట్టిన వేళ్ళు నావి. దసరా నుంచీ నువ్వీ కోయని మడతల్లో ఏం చదువుతున్నావే?"

"చదవలేకపోయానండి. ముప్పై పేజీలయ్యేసరికి ఊపిరాడలేదు. ఇంట్లో చేసే చాకిరీయే మళ్ళీ పుస్తకంలోనూ చదవాలా అనిపించింది. మీరేమో మధ్యాహ్నమయ్యేసరికి చదవమంటారు. అందుకని..."

"అందుకని?"

"నోటికొచ్చింది చెప్పానండి."

"నూతి గిలక?"

"నాదేనండి."

"తల్లికి ఉబ్బసమని ఉత్తరం రావడం?"

"ఆ ఉత్తరం మీకూ తెలుసు కదండి. కార్తీకంలో వచ్చింది. మళ్ళీ మొన్న మాఘంలో ఇంకోటొచ్చింది. అమ్మ మంచం దిగట్లేదు, పదిరోజులు పిల్లని పంపండి బాబూ అని మా నాన్న రాశాడు. సామర్లకోట ఏమన్నా కాశీయా అండి? మూడు రోజుల పడవ. కథలో వింటే మీకు జాలేస్తుందనుకున్నాను. మీ అబ్బాయికి ఒక్క మాట చెబుతారనుకున్నాను. ఆయనే కదా పంపనన్నారు."

"వసారాలోకి ఎండొచ్చిందా? కాళ్ళు కాలుతున్నాయి."

"రాలేదండి. పంపనన్నది ఆయనే కదా?"

"వాడు కార్తీకంలోనే పంపుతానన్నాడు. పడవ కూడా మాట్లాడొచ్చాడు. నేనే వద్దన్నాను."

"మీరా?"

"నేనే."

"నేనేం తప్పు చేశానండి?"

"తప్పేం లేదు. కార్తీకంలో నువ్వు కాలవకి బట్టలకెళ్ళినప్పుడు ఈ పుస్తకం తడిమి చూశాను. అప్పుడే తెలిసింది నాకు."

"తెలిసీ వద్దన్నారా?"

"తెలిసే వద్దన్నాను. పుస్తకంలో ఉన్న కథైతే నువ్వెళ్ళినా ఎవరో ఒకరు చదువుతారు. బడిపంతులుగారికి నాలుగు కొబ్బరికాయలిస్తే రోజూ వచ్చి చదివిపెడతాడు. నీ నోట్లో ఉన్న కథ నీతోనే పోతుంది కదే. పొద్దున్నుంచీ నేను ఈ వసారాలో కూచుని ఎదురుచూసేది దానికోసమే. చీకట్లో ఉన్నదాన్ని, నాకింకేముంది చెప్పు?"

"అంటే నేను బాగా చెప్పినకొద్దీ..."

"ఊఁ."

"నా కాళ్ళకి నేనే తాడు కట్టుకున్నానన్నమాట. నన్ను పంపిస్తారని రోజూ గొంతెండేదాకా చెప్పాను. నాకు ఏడుపొస్తోందండి. మీమీద కోపమూ వస్తోంది. అక్కడ మా అమ్మ ఎన్నాళ్ళుంటుందో తెలీదు."

"కోప్పడు. నన్ను పాము కరిపించి చంపావు, అప్పుడు నేనేమన్నా అన్నానా?"

"ఉండండి, ఇప్పుడే వస్తాను."

"ఎక్కడికే లేచావు? లక్ష్మీ? కథ సగంలో ఆపితే పాపమే. లక్ష్మీ?"

"ఇక్కడే ఉన్నానండి. చాకు తెచ్చాను."

"చాకా? చాకెందుకే?"

"భయపడకండి, మడతలు కొయ్యడానికి. ఇదిగోండి, ముప్పైమూడో పేజీ. 'పతివ్రతాధర్మములలో నేడవది. భార్య భర్తకంటె ముందుగా మేల్కాంచి, వెనుకగా నిద్రింపవలయును.'"

"ఇదేం చదువే?"

"అచ్చులో ఉన్నదున్నట్టు చదువుతున్నానండి. 'ఎనిమిదవది. భర్త భుజించిన పిమ్మట శేషించిన దానితో సంతుష్టి నొందవలయును.'"

"ఎన్నున్నాయే ఈ ధర్మాలు?"

"నూటెనిమిది అని ముందే చెప్పాడండి. అవయ్యాక అత్తమామల సేవ వేరేగా ఉంది. ఇంకా రెండొందల పేజీలున్నాయి. రోజూ చదువుతాను, మీకు లోటు చెయ్యను."

"మరి విమలాంగి?"

"రేవులోనే ఉందండి."

"ఎన్నాళ్ళే?"

"ఏమోనండి. నాకూ తెలీదు. నేను పడవెక్కితే అదీ ఎక్కుతుందేమో. నేను మా అమ్మని చూసొస్తే, వాళ్ళమ్మ దగ్గర అది ఏం మాట్లాడిందో అప్పుడు చెప్పగలను. చూడకుండా నాకేం వస్తుందండి? 'తొమ్మిదవది. గృహమును విడిచి—'"

"వెళ్ళినదానివి మళ్ళీ వస్తావా?"

"రాక ఎక్కడికి పోతానండి."

"అక్కడుండిపోతే?"

"'తొమ్మిదవది. గృహమును విడిచి పొరుగింటికైనను బోవ దలంపరాదు. పదియవది—'"

"నా మీద జాలి లేదటే నీకు?"

"ఉందండి. మా అమ్మ మీదా ఉంది. 'పదియవది. భర్త కోపించినను మారు పలుకరాదు. పదునొకండవది. బిగ్గరగా నవ్వరాదు. పండ్రెండవది—'"

"చాలించు."

"'పండ్రెండవది. వాకిట నిలువరాదు. పదుమూడవది—'"

"చాలించవే తల్లీ, నీకు దణ్ణం పెడతాను. పెదబాబు గడ్డిమేటు దగ్గరుంటాడు, కేకెయ్యి. సామర్లకోటకి పడవ మాట్లాడమను."

"నిజంగానాండి? రేపా?"

"రేపే."

"మా అత్తయ్యగారు బంగారం. అక్కడ పదిరోజులంటే పదిరోజులే, పదకొండోనాడు తిరుగు పడవెక్కేస్తాను. మీకు మజ్జిగన్నం ఎవరు పెట్టాలో, మందెవరు రాయాలో అన్నీ చెప్పి మరీ వెళ్తాను."

"ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇద్దరికీ చోటు చూడమను. నీ భుజం ఉందిగా, పట్టుకుని మెల్లగా ఎక్కుతాను."