నేనే చూసి ఎంచిన కారవాన్

మీ కారవాన్ల మైదానంలో దారికి అడ్డమొచ్చిన మాట నిజమే వార్డెన్ గారూ, కాదన్నానా? తీసేద్దామంటే అది కదలాలి కదా. మిమ్మల్ని ఆఫీసు గదిలోంచి పరిగెత్తించిన చప్పుడు నాదే. ఈ చక్రాల కొంపకి, అదే కారవాన్‌కి, నాలుగు మూలలా దించిన ఇనప కాళ్ళు ఎత్తడం మరిచిపోయి, కారుకి తగిలించి ఒక్క లాగు లాగాను. ఇదిగో, ముందరి కాలు చూడండి. కుక్క స్తంభం దగ్గర ఎత్తినట్టు ఎత్తింది.

నవ్వండి, పర్వాలేదు. హాలిఫాక్స్‌లో రెండంతస్తుల బస్సు నడిపి నడిపి జుట్టు నెరిసినవాణ్ణి నేను. మొన్న శనివారం మేం వచ్చిన రోజు దీన్ని వెనక్కి నడిపి మా స్థలంలో పెట్టలేక నేను చెమటలు కక్కుతుంటే, చుట్టుపక్కల వాళ్ళంతా మడత కుర్చీలు బయట వేసుకుని కూచున్నారు, గుర్తుందా? మీరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు లెండి. అప్పుడు మా పెద్దమ్మాయి బ్రయొనీ కారు దిగి వెనక్కెళ్ళి, చెయ్యి ఇలా ఇలా ఊపి, గీత గీసినట్టు పెట్టించేసింది. పదమూడేళ్ళ పిల్లకి ఈ నేర్పు ఎక్కణ్ణించొచ్చిందని నేను అడిగానా? లేదు. మీ అందరికంటే ముందు నేనే చప్పట్లు కొట్టాను.

అదీ నా తెలివి.

ఎక్కడికా? వెనక్కి. అమ్మినవాడి వాకిట్లో దీన్ని పడేసి రావడానికి. వాళ్ళకి చెప్పలేదు, నిజమే. మా ఆవిడ హేజెలూ ఇద్దరు పిల్లలూ సముద్రం ఒడ్డుకి వెళ్ళారు. అలా చూడకండి నా వంక. వాళ్ళ సామాను మీ ఆఫీసులో దించి, రైలెక్కి రమ్మని చెప్పమని మిమ్మల్నే అడుగుదామనుకున్నాను. ఈ వానలో. సరే, అది అంత మంచి ఆలోచన కాదని ఒప్పుకుంటాను.

కూచోండి, ఆ మెట్టు మీద కూచోండి. తడిసినా ఏం కాదు, ఈ బండిలో తడవని చోటు వెతకడమే కష్టం.

హేజెల్‌ని చేసుకుని నాకు రెండేళ్ళు కూడా కాలేదండీ. ఆవిడ మొదటి మొగుడు కోలిన్, గుండె ఆగి పోయాడు పాపం. బ్రయొనీ, ఫెర్న్ ఆయన పిల్లలే. మంచి పిల్లలు. నన్ను 'ఆర్నల్డ్' అని పిలుస్తారు. బస్సెక్కి ఎక్కడ దిగాలో అడిగేవాళ్ళుంటారే, అంత మర్యాదగా.

మేముండే ఇల్లు కోలిన్ కొన్నది. ఆ అలమరలు కోలిన్ చేసినవి. పెరట్లో గులాబీలు కోలిన్ నాటినవి, అవి కూడా నేను దగ్గరికెళితేనే గుచ్చుతాయి. నేను అసూయపడ్డానా? పడలేదండీ. చచ్చిపోయినవాడితో ఏం పోటీ? ఆయన ఇంక ఏ తప్పూ చెయ్యడు, నేను రోజుకి రెండు చేస్తాను. కానీ ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, మేం నలుగురం కలిసి మొదలుపెట్టినది ఉండాలనుకున్నాను. అందుకే కారవాన్. కొత్తది కొనే తాహతు లేదు, పాతదే. ఎవరికి పాతదైతేనేం, మాకు కొత్తే కదా అనుకున్నాను.

ఆ మాట అప్పట్లో హేజెల్‌తో కూడా అన్నాను. ఆవిడ తల వంచుకుని బఠాణీలు ఒలుస్తూ ఉండిపోయింది.

ఎంత చదివానండీ. లైబ్రరీ పుస్తకాలు తెచ్చుకుని బస్సు డిపోలో భోజనాల వేళ చదివేవాణ్ణి. గోడ మూలల్ని బొటనవేలితో నొక్కి చూడాలి, మెత్తగా దిగితే లోపల చెక్క కుళ్ళినట్టే. టైరు మీద గాడులు బాగున్నాయని మోసపోకూడదు, తయారైన ఏడాది చూడాలి. కారు బరువెంత, అది లాగే బరువెంత. నేల మీద అడుగేస్తే గుల్లగా మోగకూడదు. లోపల పూల వాసన మరీ గుప్పుమంటే ఏదో కంపు దాస్తున్నారన్నమాట. తడి కొలిచే మీటరు కూడా కొన్నాను, రెండు సూదులుంటాయి, గోడకి గుచ్చితే ఎంత చెమ్మ ఉందో చెప్తుంది. సాధన కోసం ఇంట్లో గోడలన్నీ గుచ్చాను. ఫెర్న్ అయితే, 'ఆర్నల్డ్, ఇల్లు కొంటున్నావా?' అంది. అది తొమ్మిదేళ్ళ పిల్ల, దాని నోటికి అడ్డు లేదు. ఆ నోరే చివరికి నిజం చెప్పింది, అక్కడికే వస్తున్నాను.

ఆదివారాలు తిరిగాం. ఒకదాంట్లో కుక్క కంపు అంది హేజెల్. ఒకదాంట్లో పడకలు ఇరుకు. ఇంకొకటి, నాకు ప్రాణం లేచొచ్చిందండీ దాన్ని చూస్తే, గోడలు ఎముకలా పొడిగా ఉన్నాయి. కర్టెన్లు బాగాలేవంది. కర్టెన్లు మార్చుకోవచ్చు కదా అంటే, మొదటిసారే మార్చుకోవాల్సినవి కొనడమెందుకంది. అబ్బ, ఎంత శ్రద్ధగా ఎంచుతోందో అనుకున్నాను.

ఆఖరికి ఆవిడే ఒకటి కనిపెట్టింది. కీలీ ఊళ్ళో బ్రాడ్‌బెంట్ అనే ఆయన దగ్గరుందిట.

వెళ్ళాం. ఆ పెద్దమనిషి కారవాన్‌లోనే టీ పెట్టి సిద్ధంగా ఉన్నాడు. ఎండు ద్రాక్ష వేసిన కేకు, వెన్న పూసి మరీ. మీరే చెప్పండి, ఒకడి టీ తాగాక, వాడి కేకు తిన్నాక, ఇంకో ముక్క అంటే వద్దనలేక అదీ తిన్నాక, జేబులోంచి సూదులు తీసి వాడి గోడకి గుచ్చడం ఎలాగండీ? మా అమ్మ సమాధిలోంచి లేచొచ్చి చెంప పగలగొట్టదూ? మీటరు నా కోటు జేబులో అలాగే ఉండిపోయింది. కిటికీ పక్క మూలకి దిండ్లు పేర్చి, వాటికి చేరగిలబడి కూచున్నాడు బ్రాడ్‌బెంట్. మేం ఉన్నంతసేపూ లేవలేదు. మోకాళ్ళ నొప్పులేమో అనుకుని జాలిపడ్డాను.

నాకు చక్కెర కావాల్సి వచ్చింది. హేజెల్ లేచి, పొయ్యి పైన ఉన్న మూడు అరల్లో మధ్యది తెరిచి, డబ్బా తీసి నా ముందు పెట్టింది. ఎవరినీ అడగలేదు. నేను చూశానండీ. ఈ కళ్ళతోనే చూశాను. ఆడవాళ్ళకి వంటిళ్ళు వాటంతటవే అర్థమవుతాయి కాబోలని టీ కలుపుకున్నాను.

తరవాత ఆవిడ నా మొహంలోకి చూసి, "నువ్వేమంటావు ఆర్నల్డ్? ఇవన్నీ నీకే తెలుసు" అంది.

అంతే, నేను ఉబ్బిపోయాను. బయటికెళ్ళి టైరుని బూటుతో తన్నాను. ఎందుకు తన్నుతారో నాకూ తెలీదు, అందరూ తన్నుతారు. "గట్టి బండే" అన్నాను. బ్రాడ్‌బెంట్ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బండి మీద మమకారం అనుకున్నాను.

ఇంటికి తెచ్చిన రోజు వీధంతా వచ్చి చూసింది. ఎదురింటి ముసలావిడ దీని ఒళ్ళు నిమిరింది, గుర్రాన్ని నిమిరినట్టు. నేనేమో మధ్యలో నిలబడి, టైర్ల గురించీ బరువు గురించీ వాళ్ళకి పాఠం చెబుతున్నాను. ఎంత ఓపిగ్గా విన్నారండీ. ఒక్కరు నవ్వలేదు.

నిన్న సాయంత్రం. వాన. పక్కలు వెయ్యాలంటే బల్లని కిందికి దించాలి కదా. ఎంత నొక్కినా దిగదు. పుస్తకంలో దాని గురించి లేదు. నేను గొణుగుతూ కుస్తీ పడుతుంటే, ఫెర్న్ చేతిలో పుస్తకం పక్కన పెట్టి వచ్చి, బల్ల కింద మూలలో మోకాలితో ఒక్కటి పొడిచింది. టక్కున దిగింది.

"నీకెలా తెలుసే?" అన్నాను, నవ్వుతూనే.

"నాన్న అలాగే చేసేవాడు."

బ్రయొనీ దాని కాలు తొక్కింది. హేజెల్ కడిగిన కప్పునే తీసుకుని మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

అర్థమైందా మీకు? నాకు మీకంటే ఎక్కువసేపే పట్టింది.

ఇది కోలిన్ కారవానండీ. ఆయన పోయాక దీని వంక చూడలేక హేజెల్ ఆయన స్నేహితుడికే ఇచ్చేసిందిట. ఆ స్నేహితుడే బ్రాడ్‌బెంట్. ఇచ్చినప్పట్నుంచీ పిల్లలు ఒకటే ఏడుపు. నేను కారవాన్ మాటెత్తేసరికి దారి దొరికింది. ఈ బండి ఉన్న ఫోటోల ఆల్బమ్ అటక మీదికెక్కింది. పిల్లలకి పాఠం చెప్పింది, తెలిసినట్టు ఉండకండర్రా అని. వీధికి చెప్పింది. కీలీకి చెప్పింది. చెప్పనిది నాకొక్కడికే.

నాకెందుకు చెప్పలేదంటే, 'చెబితే నువ్వు వద్దంటావనుకున్నాను' అంది. అదొక్కటే అందండీ, కప్పు తుడుచుకుంటూ.

వద్దనేవాణ్ణా? అంటానని నాకే తోచడం లేదు. పిల్లలకి అదే కావాలి ఆర్నల్డ్ అని ఒక్క మాటంటే, కళ్ళు మూసుకుని తెచ్చేవాణ్ణి. చెమ్మ ఉన్నా తెచ్చేవాణ్ణి. పాతదాన్ని కొనడం కాదండీ నన్ను కోసేది. నా చేత ఎంపిక చేయించడం. ఆ ఆదివారాలన్నీ. ఆ కుక్క కంపు, ఆ కర్టెన్లు. నేను పుస్తకాలు చదువుతుంటే పక్కన కూచుని, మంచిదేనా, ఎలా తెలుస్తుంది అని అడగడం. నాకు ఒక విషయం తెలిసినందుకు ఇంట్లో ముగ్గురూ నా వంక చూడటం మొదటిసారి అదేనండీ. దొంగచూపులని నాకేం తెలుసు?

మీరంటున్నారు, ఆవిడ భయపడిందేమో అని. భయపడే ఉంటుంది. చూసి భయపడాల్సిన మనిషినా నేను? టైరు తన్నితే కాలే నొప్పెట్టిన మనిషిని.

పొద్దున వాళ్ళు వెళ్ళాక ఆ దిండ్లు తీశాను. మీటరు తీసి బ్రాడ్‌బెంట్ కూచున్న మూల గుచ్చాను. సూదులే కాదు, వేలే దిగింది. ఫోన్ చేసి అడిగితే బ్రాడ్‌బెంటే చెప్పాడు, ఏదో శీతాకాలం కోలిన్ పై కిటికీ వెయ్యడం మరిచిపోయాట్ట, అప్పట్నుంచీ లోపల కుళ్ళుతోందిట. చూశారా, ఆయన కూడా తప్పు చేశాడు. అది బాగుచేసే పని మాత్రం నాకొచ్చింది.

ఏంటి? ఎవరు? ఆ మలుపు దగ్గరా? నా కళ్ళజోడు లోపలుంది, కనపడటం లేదు. ఆ ఎర్ర కోటు ఫెర్న్‌ది, అవును. పరిగెడుతోందా? కారు తగిలించి ఉండటం చూసుంటుంది. మీరేం చెప్పకండి. కాలు దానంతటదే వంగిందనండి, లేదా ఏం అనకండి.

చేతుల్లో ఏంటవి? కాగితం పొట్లాలా? చేపలూ బంగాళాదుంపల వేపుడూ అయ్యుంటుంది, రేవు దగ్గర దుకాణం ఉంది కదా. ఎన్ని ఉన్నాయో చూసి చెప్తారా? ఊరికేనండీ. ఊరికే అడిగాను.

నాలుగా?

అలవాటు కొద్దీ తెచ్చుంటారు లెండి. ఆ ఇంట్లో మొదట్నుంచీ నలుగురేగా.

పోనీండి, కాస్త జరగండి, కారు విప్పేస్తాను. చల్లారితే ఆ వేపుడు ఎవరి వాటాదైనా నోట పెట్టలేం.