మంద వదిలి నా వెంట వచ్చిన కుక్క

"ఈ ఈతలో నీకు నచ్చిన కూన ఏదైతే అది నీదే. ఎవరైనా కాదంటే నన్నడుగు."

ఇది మా బావ ఇచ్చిన మాట. కొట్టం గుమ్మంలో నిలబడి, మా అక్క ఎదురుగా ఇచ్చాడు. నేను ఈ తెల్లదాన్ని ఎంచుకున్నాను, కామ్రేడ్ అని పేరు కూడా పెట్టాను. అది పాలు మరిచిందో లేదో, మా బావ తీసుకెళ్ళి గొర్రెల మధ్య వదిలేశాడు. ఈ జాతి కుక్క మనుషుల ఒళ్ళో పెరిగితే మంద కాపలాకు పనికిరాదట. గొర్రెలే తన కుటుంబం అనుకుంటూ పెరగాలట. అందుకని ఎత్తుకోకు, ముద్దు చెయ్యకు, చేత్తో తినిపించకు. నా కుక్కకు నేనే పరాయివాణ్ణి. కష్టపడి పెంచడానికి నేను సిద్ధంగా ఉంటే అనుభవించేది గొర్రెలా? ఇంతకంటే దోపిడీ ఏముంది, నువ్వే చెప్పు పిన్నీ.

"టీలో చక్కెర సరిపోయిందా?"

సరిపోయింది. నీ టీకొట్టులో కూర్చున్నంత మాత్రాన మాట మార్చకు, మౌనం కూడా నేరమే. మొన్న గట్టిగా నిలదీస్తే మా బావ విసుగెత్తి ఇంకో మాట అన్నాడు. అది మంద వదిలి నీ వెంట వస్తే తీసుకుపో, మళ్ళీ అడగను అన్నాడు. ఇవాళ పొద్దున్న కాలు వాచిన ఈ గొర్రెపిల్లను పశువుల డాక్టరుకు చూపించమని అక్క నా చేతిలో పెట్టింది. శాలువాలో చుట్టుకుని బయల్దేరాను. నాలుగడుగులు వేసి వెనక్కి చూస్తే ఎవరు? ఇదిగో, నా కాళ్ళ దగ్గర కూర్చుని నా వైపే ఎలా చూస్తోందో చూడండి. మందను తన తల్లికి అప్పజెప్పి నాకోసం వచ్చేసింది. డాక్టరు తలుపు తీసి పిల్లను చూశాక మీరిద్దరూ నాతో వచ్చి మా బావ ముందు సాక్ష్యం చెప్పాలి. టైలర్ మామా, ఆ కాజాలు తర్వాత కుట్టుకోవచ్చు, విను. ఇది ఎలాంటి కుక్కో తెలియకుండా సాక్ష్యం చెప్పకూడదు.

మొదట ఒక నక్క వచ్చింది. ఇది మొరిగింది, నక్క పోయింది. ఇంతవరకు ఎవరి కుక్కైనా చేస్తుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ నక్క వెళ్ళి తోడేళ్ళతో చెప్పుకుంది. తోడేళ్ళు గుంపుగా దిగాయి. ఇది మొరగలేదు, ఊరికే లేచి నిలబడింది. అంతే, అన్నీ ఎత్తు ప్రకారం వరసగా పడుకున్నాయి.

"ఎత్తు కొలిచింది ఎవరు?"

నేనే మామా, నీ టేపుతోనే. అప్పుడిది ఒక్కసారి ఆవులించింది. ఆ నోట్లోకి చూసిన తోడేళ్ళు అక్కడికక్కడే గడ్డి తినడం మొదలుపెట్టాయి. ఒకటైతే ఇంటికి కూడా పోలేదు. ఇప్పటికీ మా మందలోనే మేస్తోంది, ఏడాదికోసారి ఉన్ని కూడా ఇస్తోంది. నీ మెడలో ఉన్న ఆ బూడిదరంగు మఫ్లరు దేనిదనుకుంటున్నావు?

"ఇది మా ఆవిడ అల్లింది."

అల్లింది ఆవిడే, ఉన్ని మాది. సరే, ఆ తర్వాత గాలివాన. ఉన్ని తేలిక కదా, మందకు మంద గాల్లోకి లేచిపోయింది. ఇది ఎగిరి ఆఖరి గొర్రె తోక అందుకుంది. ఆ గొర్రె ముందుదాని తోక పట్టుకుంది, అది దాని ముందుదాన్ని, అలా మబ్బుల దాకా ఒకే దండ. ఇది నాలుగు కాళ్ళూ నేలలో దిగేసి లాగింది. ఆ కాళ్ళు దిగబడ్డ గుంటల్లోనే మా బావ ఇప్పుడు గొర్రెలకు నీళ్ళు పెడుతున్నాడు. మబ్బులో తడిసిన గొర్రెలు తెల్లగా మెరుస్తూ దిగాయి, ఆ ఏడాది ఉన్ని కడిగే పనే లేకపోయింది.

మరి అంత చేసి అది ఎవరి దగ్గరికి వెళ్ళిందో తెలుసా? నేను వానలో తడుస్తూ చేతులు చాపి నిలబడ్డాను. నన్ను దాటుకుని పోయి ఒక ముసలి గొర్రె చెవి నాకింది. ఆ గొర్రెకు దీని పేరు కూడా తెలియదు. ఏం చేసింది ఆ గొర్రె దీనికోసం? ఏ పోరాటంలో ముందు నిలబడింది?

"గొర్రెను చూసి కుళ్ళుకుంటున్నావా అబ్బాయ్?"

కుళ్ళు కాదు పిన్నీ, ఇది సమానత్వానికి సంబంధించిన ప్రశ్న. ఒకసారి ఉన్ని దుప్పటి కప్పుకుని మందలో కూర్చున్నాను. వచ్చి నా చెవి కూడా నాకింది. దుప్పటి జారి మొహం కనపడింది, మానేసింది.

ఏం మామా, దీనికి నవ్వలేదే?

పోనీ. తోడేళ్ళు అబద్ధం అనుకోండి, గాలివాన కోతలే అనుకోండి. ఇవాళ మాత్రం అవన్నీ వదిలి ఇది నా వెంట వచ్చింది. ఇది మీ కళ్ళెదుటే ఉంది. హక్కు అడుక్కుంటే రాదు, నిలబడి సాధించుకోవాలి. నేను సాధించాను.

"ఆ గొర్రెపిల్లను ఇటివ్వు నాయనా. వణుకుతోంది, పొయ్యి పక్కన పడుకోబెడతాను."

తీసుకో పిన్నీ. కాలు జాగ్రత్త. ఇంతకీ ఏం చెబుతున్నాను... కామ్రేడ్, ఎక్కడికి లేచావు? కూర్చో. పిన్నీ, దానికి బిస్కెట్ చూపించావా? లేదా? మరి పొయ్యి దగ్గర దానికేం పని?

ఓహో. పిల్ల చెవి నాకుతోంది.

లేదు లేదు, చలికి వెళ్ళి ఉంటుంది. పిల్లను ఒకసారి ఇటివ్వు. ఆ, చూశారా, వచ్చేసింది, మళ్ళీ నా కాళ్ళ దగ్గరే. మామా, నువ్వు కాసేపు పట్టుకో. సూది పక్కన పెట్టి పట్టుకో.

...నీ దగ్గరికి వచ్చేసిందేం మామా.

"పద అబ్బాయ్, మీ బావ దగ్గరికి పోదాం. ఈ కుక్క నాదని సాక్ష్యం చెబుతాను."

నవ్వండి, నవ్వండి. ఇక మా బావతో నాకు గొడవ లేదు, ఆయన్ని వదిలేశాను. కామ్రేడ్, ఇటు చూడు. పిల్ల వైపు కాదు, నా వైపు. ఆ ముసలి గొర్రె, ఈ కుంటిపిల్ల, నేను. ముగ్గురిలో నీకు ఎవరు కావాలో నువ్వే తేల్చు. ఎవరి ఒత్తిడీ లేదు, ఈ పిల్ల కాలు నయమై మందలో కలిసేదాకా ఆగుతాను. జవాబు మాత్రం ఈ నెల ముప్పయ్యో తారీఖు లోపు కావాలి.