పేర్లు పోయిన ప్రోగ్రామ్

"అక్కా, మందులు గుర్తుచేసే మన ప్రోగ్రామ్‌ని ఎవరూ విప్పి కాపీ కొట్టకుండా గజిబిజి చేయమన్నావుగా. చేశాను. లోపల ఒక్కో భాగానికి నువ్వు పెట్టిన పేర్లన్నీ ఎ, బి, సి అయిపోయాయి. ఎవరికీ తలాతోకా తెలియదు."

"మంచిదే. మరి మొహం అలా పెట్టావేం?"

"నకలు మీద చేస్తున్నాననుకుని అసలుదాని మీదే చేసేశాను. ఇంకో కాపీ లేదు."

అక్క కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది. ఆరేళ్ళుగా తను రాసిందే, ఒక్క ముక్క కూడా పోల్చుకోలేకపోయింది.

"తిట్టవేం?"

"ఆగు. ఈ 'కె' అనే భాగం ఏం చేస్తోందో చూడు. మాత్ర వేసుకోమని రెండుసార్లు మెల్లగా చెప్పి, మూడోసారి గట్టిగా మోగుతోంది."

"అయితే?"

"మూడోసారి పిలిస్తేగానీ నాన్న పలికేవారు కాదుగా. ఆయన కోసం రాసిందే ఇది. దీనికి 'నాన్న' అని పేరు పెట్టు. తర్వాతది తియ్యి."