సిగ్నల్ బాబాయి పాస్‌వర్డు

సిగ్నల్ బాబాయికి నోరు ఊరుకోదు. ఆ సంగతి ఆయనకంటే వాళ్ళావిడకి బాగా తెలుసు. అందుకే ఆ సాయంత్రం ఆయన షాపులోంచి లేచి ఎదురుగా ఉన్న టీకొట్టుకి బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పింది.

"నర్సమ్మ పని ఇద్దామనే రమ్మంది. అడిగినదానికి జవాబు చెప్పు, టీ తాగు, వచ్చెయ్. కోతలు మాత్రం కోయకు."

"నేనెప్పుడు కోశానే?" అన్నాడు బాబాయి, నిజంగానే ఆశ్చర్యపోయి.

పని మామూలుది కాదు మరి. పక్కనున్న ఆసుపత్రికి కొత్తగా వైఫై పెట్టాలి. ఫోన్లు బాగుచేసే షాపు తెరిచిన దగ్గర్నుంచీ బాబాయి చేతికి వచ్చేవన్నీ పగిలిన అద్దాలూ, ఊడిపోయిన చార్జర్లే. బోర్డు మీద 'నెట్‌వర్క్ నిపుణుడు' అని అంత పెద్ద అక్షరాలతో రాయించుకున్నందుకు ఒక్కటంటే ఒక్క పెద్ద పని చేసి చూపించాలని ఆయన ప్రాణం కొట్టుకుపోతోంది. ఈ పని దొరికితే ఇక ఆయన్ని పట్టుకోగలిగేవాడు లేడు.

టీకొట్టు ముందు బల్ల మీద ఆసుపత్రి పెద్దనర్సమ్మ కూర్చుని ఉంది. పక్కనే ఎదురింటి టైలరు. పొయ్యి దగ్గర, వీధి మొత్తానికీ అత్తయ్యే అయిన టీకొట్టు అత్తయ్య.

నర్సమ్మ నాన్చకుండా విషయానికి వచ్చేసింది. "చూడండి బాబాయిగారూ, స్పీడు కాస్త తగ్గినా సర్దుకుంటాం. మాకు కావలసింది భద్రత. ఇంతకుముందు పెట్టినాయన పాస్‌వర్డు ఓ కాయితం మీద రాసి గోడకి అంటించి చక్కా పోయాడు. ఎవడో మా వరండాలో కూర్చునే కంప్యూటర్లోకి దూరి రిపోర్టులన్నీ చూసేశాడు. టీచరమ్మకున్న జబ్బు సంగతి వాళ్ళమ్మకి తెలియకముందే వీధంతా పాకిపోయింది. ఆ పిల్ల మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. నేను కనబడితే తల తిప్పుకుని వెళ్ళిపోతుంది. అలాంటిది ఇంకోసారి జరిగితే నేను తట్టుకోలేను."

బాబాయి బుద్ధిగా తలాడించాడు. అక్కడిదాకా అంతా బాగానే ఉంది. టైలరే ఊరుకోలేదు.

"మీకేం భయం లేదు నర్సమ్మా. మా బాబాయి పెడితే ఈగ కూడా దూరదు."

"ఈగా?" అన్నాడు బాబాయి, గ్లాసు కింద పెట్టేస్తూ. "ఈగ దాకా ఎందుకురా, ఈగ నీడ కూడా దూరదు! అబ్బే, చెప్పుకోడానికేం లేదండీ, ఏదో చిన్న పని. మొన్నామధ్య ఓ మూడంతస్తుల ఇల్లు. కిందంతా బ్రహ్మాండంగా వస్తోంది, పై గదిలో సిగ్నలు సున్నా. ముగ్గురొచ్చి చేతులెత్తేసి పోయారు. నేను గుమ్మంలో కాలు పెట్టానో లేదో పట్టేశాను. రౌటరు తీసుకెళ్ళి ఇనుప బీరువా వెనకాల దాచారు మహానుభావులు! ఇనుము అడ్డమైతే సిగ్నలు దాటుతుందా? తీసి మెట్ల మలుపులో ఎత్తుగా పెట్టాను. అంతే. పై గదిలో నిండా గీతలు!"

"బాగుంది," అంది నర్సమ్మ. "మా దగ్గరా మందుల బీరువా వెనకే ఉంది."

ఇది నిజంగా జరిగిందే. బాబాయి ఇక్కడ ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేది! కానీ ఆ 'బాగుంది' అన్న మాట ఉందే, అది చెవిన పడగానే ఆయన ఒళ్ళు పులకరించిపోయింది. ఆ మీదట వాళ్ళావిడ చెప్పిందేదీ గుర్తుంటేనా?

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు ముందుకి జరిగి. "సిగ్నలు పై గదిలో ఆగలేదు! డాబా ఎక్కింది. డాబా మీంచి పక్కింటికి దూకింది. ఆ పక్కింటి ముసలాయనకి ఎప్పుడో మనవరాలు పంపిన ఫొటోలు, దారిలో ఎక్కడ చిక్కుకుపోయాయో ఏమో, ఆ పూట టపటపా వచ్చి పడ్డాయి. ఆ పిల్లకి అప్పటికి పెళ్ళి కూడా అయిపోయిందండీ!"

"నిజంగా?" అంది అత్తయ్య, టీ వడబోయడం ఆపేసి.

"నిజంగా ఏమిటి అత్తయ్యా, వీధి చివర దీపం దానంతటదే వెలిగింది! పట్టపగలు! నేను ఆ గోడ మీద చెయ్యి పెడితే చెయ్యి జివ్వుమంది. ఇలా వదిలేస్తే లాభం లేదని రౌటరు మీద దుప్పటి కప్పాను. ఆగితేనా? దుప్పటిలోంచి కూడా వస్తోంది! రెండు దుప్పట్లు కప్పాను, పైన పరుపు వేశాను..."

"పరుపు మీద నువ్వు కూర్చోలేదా బాబాయ్?" అన్నాడు టైలరు.

"కూర్చున్నానురా! కూర్చుంటే జేబులో ఉన్న ఫోను చార్జింగు పెట్టకుండానే నిండిపోయింది! ఆ సాయంత్రానికి ఫోను మోగింది. ఎవరనుకున్నారు? నడిసముద్రంలోంచి ఓడ కెప్టెను! 'అయ్యా, ఎవరిదో వైఫై మా ఓడ దాకా వస్తోంది, నావికులంతా పని మానేసి సినిమాలు చూస్తున్నారు, దయచేసి కొంచెం తగ్గించండి' అని బతిమాలుకున్నాడు. పోనీలే పాపం అని కాస్త తగ్గించాను."

అత్తయ్య పకపకా నవ్వింది. నర్సమ్మ మాత్రం నవ్వలేదు. "అంత దూరం వెళ్తే మరీ ప్రమాదం కదండీ?" అంది. "ఎక్కడున్నవాడైనా దూరిపోతాడు."

బాబాయి కళ్ళు మెరిసిపోయాయి. ఇదే ఆవిడ మనసులో ఉన్న భయం. ఈ దెబ్బతో పని తనదే!

"దూరాలనే చూశాడండీ ఒకడు! ఏడు సముద్రాల అవతల పెద్ద హ్యాకరు. బ్యాంకుల్లో దూరాడు, కోటల్లో దూరాడు, వాడు తియ్యలేని తాళం లేదు. నా నెట్‌వర్కు కనబడేసరికి నోట్లో నీళ్ళూరాయి. ఒక్క కంప్యూటరు పెట్టి నా పాస్‌వర్డు కోసం వెతికాడు. రాలేదు. వంద పెట్టాడు. రాలేదు. ఇల్లమ్మి వెయ్యి కొన్నాడు. అవి వేడెక్కి పొగలు కక్కాయి. వాళ్ళ ఊరి చలికాలం కాస్తా ఆ వేడికి ఎండాకాలం అయిపోయింది, జనం స్వెట్టర్లు విప్పేశారు!"

"అబ్బో!" అన్నాడు టైలరు.

"ఇక లాభం లేదని విమానమెక్కి తిన్నగా మనింటికే వచ్చేశాడు. వస్తూనే నా కాళ్ళ మీద పడ్డాడు. 'గురువుగారూ, నాకు తిండి సహించడం లేదు, నిద్ర రావడం లేదు, ఆ పాస్‌వర్డేమిటో చెప్తే మీ షాపులో నేల తుడుచుకుంటూ బతికేస్తాను' అని ఒకటే ఏడుపు. నేను చెప్తానా? ప్రాణం పోయినా చెప్పనన్నాను. వాడు కళ్ళు తుడుచుకుని వెళ్ళి, ఆ పని మానేసి, ఇప్పుడు పూలమొక్కలు పెంచుకుంటున్నాడు!"

బల్ల ఊగిపోయేలా నవ్వారు అత్తయ్యా టైలరూ. బాబాయి మీసం దువ్వుకున్నాడు. నర్సమ్మ ఒళ్ళో ఫోను పెట్టుకుని ఆయనకేసే చూస్తోంది.

"అంత గట్టి పాస్‌వర్డు ఇప్పుడెక్కడుందండీ?" అంది.

"ఎక్కడో ఎందుకుంటుంది? నా షాపుకే పెట్టుకున్నాను."

"చాలా పొడుగ్గా ఉంటుందేమో. నాకైతే గుర్తుండదు."

"పొడుగుదేముందండీ, తెలివి ఉండాలి! అందరూ ఏం చేస్తారు? వాళ్ళ పేరో, పుట్టినరోజో పెట్టుకుంటారు. హ్యాకరు ముందు వెతికేవి అవే. నేను నా పేరు పెట్టుకోలేదు. మా ఆవిడ అసలు పేరూ పెట్టలేదు. నేను ముద్దుగా పిలుచుకునే పేరు పెట్టాను. అది మా ఇద్దరికీ తప్ప మూడో మనిషికి తెలిసే అవకాశమే లేదు!"

"'బుజ్జమ్మా! నా స్క్రూడ్రైవరెక్కడ పెట్టావే?'" అంది అత్తయ్య, అచ్చం ఆయన గొంతుతోనే. "రోజూ వీధి అదిరిపోయేలా అరుస్తావు కదయ్యా."

"అది వేరు సంగతి," అన్నాడు బాబాయి ఏమాత్రం తొణక్కుండా. "ఒట్టి పేరుతో ఆగుతానా? పక్కన అంకెలు కలిపాను. ఏవో పిచ్చి అంకెలు పెడితే నేనే మర్చిపోతాను. నాకు చచ్చినా మరుపు రానివి, నా బండి నంబరు! ఇక అసలు తెలివంతా ఎక్కడుందంటే, రెంటికీ మధ్య ఓ చుక్క పెట్టాను. చుక్క! అక్కడ చుక్క పెట్టాలన్న ఆలోచన భూమ్మీద ఎవడికొస్తుందండీ? వాడి వెయ్యి కంప్యూటర్లూ బోర్లా పడింది అక్కడే!"

గుక్క తిప్పుకోవడానికి ఆగాడు బాబాయి. మెచ్చుకోలు కోసం చుట్టూ చూశాడు. టైలరు మెడ సాచి, టీకొట్టు ముందు నిలబెట్టిన బాబాయి బండి వైపు చూస్తున్నాడు. నర్సమ్మ కూడా ఓసారి అటు చూసి ఫోనులో ఏదో కొట్టింది. కాలేదు కాబోలు, నొసలు చిట్లించి మళ్ళీ కొట్టింది.

"మొదట ఓ అక్షరం తప్పు పడింది," అంది నెమ్మదిగా. "ఇప్పుడు వచ్చేసిందండీ."

"ఏమొచ్చింది?"

ఆవిడ ఫోను ఆయన ముందుకి జరిపింది. ఎదురుగా ఉన్న ఆయన షాపు పేరు, దాని పక్కన నిండా గీతలు.

"నాకూ వచ్చింది బాబాయ్!" అన్నాడు టైలరు సంబరంగా. "స్పీడు మాత్రం అదిరింది!"

బాబాయికి చెవుల దాకా వేడెక్కిపోయింది. బోర్డు మీద రాయించుకున్న మాటలు ఎదురుగా కనబడుతుంటే అటు చూడలేక తల దించుకున్నాడు. చేతిదాకా వచ్చిన పనిని తన నోటితో తనే తరిమేసుకున్నాడు. ఇంటికెళ్ళి వాళ్ళావిడకి ఏం చెప్పాలి? ముందు షాపుకెళ్ళి పాస్‌వర్డు మార్చాలని లేచాడు.

"నేను వెళ్తానండీ," అన్నాడు చిన్నగా. "మీరు వేరేవాళ్ళని చూసుకోండి."

నర్సమ్మ టీ చివరి గుక్క తాగి గ్లాసు అత్తయ్యకిచ్చింది. "బీరువా వెనకనుంచి తీసి ఎత్తులో పెట్టాలని మొన్న వచ్చి చూసి వెళ్ళిన పెద్ద కంపెనీవాళ్ళు కూడా చెప్పలేదు," అంది. "రేపు పొద్దున్నే వచ్చి పెట్టండి. పని మీదే."

బాబాయి ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. "నర్సమ్మగారూ! చూస్తూ ఉండండి, రేపు మీ ఆసుపత్రికి పెట్టే పాస్‌వర్డు ఎలా ఉంటుందంటే..."

"అది నేను పెట్టుకుంటాను," అంది ఆవిడ లేస్తూ. "నేను పెట్టుకునేటప్పుడు మీరు బయట ఉండాలి."

"బయటంటే? గుమ్మంలోనా?"

"కాదు. వీధి చివర."