అక్క ముఖంతో నేను

అందరికీ నమస్కారం. మా అక్క కోసం పనులు మానుకుని వచ్చారు. కుర్చీలు చాలక గోడ వారన నిలబడ్డారు. చాలా సంతోషం అనాలి గానీ, ఈ రోజు ఆ మాట అనడానికి నోరు రావడం లేదు.

పొద్దున్నుంచి చూస్తున్నాను. నన్ను చూసి ఉలిక్కిపడుతున్నారు, వెంటనే చూపు తిప్పేసుకుంటున్నారు. మీ తప్పేముంది? కవలలం. అదే ముక్కు, అదే గొంతు. పోయిన మనిషే మైకు పట్టుకున్నట్టుంటుంది మీకు. నాకన్నా కాసేపు ముందు పుట్టిందంతే, దానికే జన్మంతా పెద్దరికం చెలాయించింది మహాతల్లి!

మీలో సగం మందికి కారు నేర్పింది తనే. తాళం తిప్పకముందే ఏమనేది? "అద్దాలు చూసుకున్నావా?" పాఠం అయ్యాక బండి ఆపి, అదే గొంతుతో, "రొమ్ములో గడ్డలేమైనా ఉన్నాయేమో చూసుకున్నావా?" ఎంతమంది సిగ్గుతో చచ్చిపోయారో! ఆ సిగ్గు పక్కనపెట్టి ఆస్పత్రికి వెళ్లి, బతికి బట్టకట్టిన ఆవిడ ఇదిగో, రెండో వరసలో కూర్చుంది.

మా అమ్మని మింగిన రొమ్ము క్యాన్సరే అక్కనీ మింగింది. అమ్మ నుంచి వచ్చిన ఆ జన్యులోపం నాలోనూ ఉంది. అక్కకి జబ్బు వచ్చింది, నాకింకా రాలేదు. ఎందుకని? జన్యువులు ఒకటే అయినా, వాటి మీద చేరే రసాయన గుర్తులు వయసుతో, బతుకుతో మారతాయట. ఏ జన్యువు పని చేయాలో, ఏది ఊరుకోవాలో చెప్పేవి అవేనట. మా ఇద్దరి తేడా అందులో ఉందేమోనని డాక్టర్లు వెతుకుతున్నారు. ఇంకా తేలలేదు.

అందుకే ఏటా ఇద్దరం వెళ్లి రక్తం ఇచ్చేవాళ్లం. కిందటిసారి అక్క నడవలేని స్థితిలో ఉంది. నేను వద్దన్నాను. చక్రాల కుర్చీలోంచే కసిరింది: "నా రక్తం లేకపోతే నీదాన్ని దేనితో పోలుస్తారే, మొద్దూ? ఇదంతా నా కోసమా? నా కూతురి కోసం." చేతుల్లో నరం దొరకలేదు. అక్క చెప్పు విడిచి పాదం చాపింది. నాకు ఏడుపు ఆగలేదు.

ఆ కూతురు ఇక్కడే, తలుపు దగ్గర నిలబడి ఉంది. పరీక్ష చేయించుకోనంటోంది. వాళ్లమ్మ పోయినప్పటి నుంచి నా ముఖం వంక చూడటం లేదు. భయం తల్లీ, నాకు తెలియదా? నీకా లోపం రాలేదేమో కూడా! వచ్చే వారం నాకు స్కాన్ ఉంది. నాకూ భయంగానే ఉంది. ఇద్దరం కలిసి వెళదాం.

ఇక అందరూ లేవండి. కాసేపు మాటలు లేకుండా నిలబడదాం. ఒక్కటే కోరిక, తలలు దించుకోకండి. మా అక్క ముఖం ఇంకా ఇక్కడే ఉంది. కరువుతీరా చూసుకోండి.

బంగారూ, నువ్వు కూడా. ఇటు చూడు.